బొగ్గు టబ్బులో నాయనమ్మ

స్విచ్ వేస్తే అయిదు నిమిషాల్లో వేన్నీళ్లు వచ్చే రోజులివి. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో గీజర్లు, సోలార్ హీటర్లు బిగించే చిన్న దుకాణం నడుపుకుంటూ నేను ఈ మాట అనకూడదు గానీ, వేన్నీళ్లకు విలువ లేకుండా పోయింది. గీజర్ పనిచేయడం లేదని పొద్దున్నే ఫోన్ చేసే ఆసామి గొంతు వింటే ఇంట్లో ఏదో అగ్నిప్రమాదం జరిగిందనుకుంటాం. ఒక్కరోజు చన్నీళ్లు పోసుకుంటే ఏమవుతుంది సార్ అని అడగాలని నాలుక దాకా వస్తుంది, మింగేస్తాను. (దుకాణం నడవాలి కదా.) అయితే అలాంటి ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ, ఇరవై ఏళ్ల కిందట భద్రాచలం అడవి అంచున మా బొగ్గు గనుల కాలనీలో, ఒకే ఒక్క ముసలావిడ ఒకే ఒక్కసారి మునగడానికి సరిపడా వేన్నీళ్ల కోసం నేను పడ్డ అగచాట్లు గుర్తొస్తాయి. గుర్తొచ్చి సిగ్గుపడాల్సింది పోయి, నా చెయ్యి మీసం మీదికి పోతుంది. ఆ రోజు నేను చేసిన తప్పులు కూడా నాకు గర్వంగానే ఉంటాయి. ఎందుకంటే అలాంటి తప్పులు చెయ్యాలంటే ఒక మనిషి మా కాలనీలోనే పుట్టాలి.

అప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు. ఐటీఐలో ఫిట్టర్ చేసి, గని వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా కుదిరి ఆరు నెలలు. ఆరు నెలల్లో నేను నేర్చుకున్నది తక్కువ, చెప్పుకున్నది ఎక్కువ. జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా చర్చికి కూడా వెళ్లేవాణ్ణి కాదు. ఎవరింట్లో ఫ్యాను ఆగినా, ఎవరి సైకిల్ గొలుసు ఊడినా, పిలవకముందే వెళ్లి విప్పేవాణ్ణి. (బిగించడానికి వాళ్లు వేరే మనిషిని పిలుచుకునేవాళ్లు.) మా కాలనీలో ప్రతి పెరట్లోనూ ఒక బొగ్గుల పొయ్యి, దాని మీద మసిబట్టిన నీళ్ల కాగు ఉండేవి. గనిలో పనిచేసే ఇంటికి పొయ్యిబొగ్గుకు కొదవ లేదు. డిసెంబరు వచ్చిందంటే అడవి మీంచి దిగే మంచుకు ఎదురింటి తలుపు కూడా కనబడేది కాదు. వరసగా లేచే పొయ్యిల పొగను బట్టి ఇక్కడో ఇల్లుంది, అక్కడో ఇల్లుంది అని తెలుసుకోవాల్సిందే.

మా నాయనమ్మకు డెబ్బై దాటి చాలా రోజులైంది. ఎన్నేళ్లని అడిగితే, "నేను వచ్చినప్పుడు ఈడ గని లేకుండె, అడివే ఉండె" అని చెప్పేది. లెక్క మీరు కట్టుకోవాలి. ఆమె నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేది. అందరికంటే ముందు వెళ్లి చాప పరిచేది, అందరికంటే చివర చాప చుట్టేది. అయినా ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. మా చర్చిలో బాప్తిస్మం అంటే చల్లడం కాదు, నిండా ముంచడమే. అదీ కిన్నెరసాని వాగులో. కాపురానికి వచ్చిన కొత్తలో, తాత గని బట్టలు ఉతకడానికి వెళ్లి ఆమె ఆ వాగులో కొట్టుకుపోయింది. ఒడ్డున వేలాడే తుప్పను పట్టుకుని బతికింది. ఆ రోజు నుంచి పారే నీళ్లలో కాలు పెట్టలేదు. ఇంట్లో కూడా వేన్నీళ్లే, అదీ చెంబుతోనే. బాప్తిస్మం లేనివాళ్లకు ప్రభువు బల్లలో రొట్టె తీసుకునే వీలు లేదు కాబట్టి, నెలకోసారి రొట్టె పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు ఆమె దాన్ని రెండు చేతులా అందుకుని, ఒక్క క్షణం చూసి, పక్కావిడకు అందించేది. నలభై ఏళ్లు అలా అందించింది. చిన్నప్పుడు పక్కన కూర్చుని నేను చూసేవాణ్ణి. ఆ ఒక్క క్షణం నాకు బాగుండేది కాదు.

ఆ ఏడు మా పాస్టరయ్యకు వేంసూరు బదిలీ అయింది. క్రిస్మస్ కాగానే వెళ్లిపోవాలి. ముందటి చలికాలం నాయనమ్మ ఆయాసంతో కంపెనీ దవాఖానాలో పది రోజులు పడి ఉంటే, రోజూ సైకిల్ మీద వచ్చి మంచం పక్కన కూర్చున్న మనిషి ఆయన. బదిలీ సంగతి విన్న ఆదివారం, ఆరాధన అయ్యాక నాయనమ్మ అందరి ముందూ లేచి నిలబడింది. "అయ్యా, మీరు పోకముందే మీ చేతుల మీదనే నేను మునుగుత. కని వాగుల కాదు. వేన్నీళ్లల్ల."

ముందు తేరుకున్నది మా సంఘపెద్ద. గనిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు కాబట్టి ఆయన్ని కాలనీ అంతా ఓవర్‌మన్ తాత అనేది. ఓవర్‌మన్ అంటే గని లోపల ఒక షిఫ్టును నడిపించే ఆయన. రిటైరై పదేళ్లయినా ఆయనకు ప్రపంచం ఒక షిఫ్టులాగానే కనబడేది. "ఏంది అక్కా నువ్వనేది? ప్రభువు మునిగిన యొర్దాను నదిల ఎవడన్న పొయ్యి రాజేసిండా?"

"యొర్దానుల చలికాలం ఎట్లుంటదో నువ్వు పోయి చూసినవా తమ్మీ?" అంది నాయనమ్మ.

పాస్టరయ్య నవ్వు ఆపుకుని, వాక్యంలో నీళ్లు అనే ఉంది గానీ చల్లవని గానీ వేడివని గానీ లేదని తీర్పు చెప్పాడు. అప్పుడు మా నాయన లేచాడు. నాయన మాటకారి కాదు, బొగ్గు కొట్టే మనిషి. "డాక్టరు చన్నీళ్లు తగలొద్దన్నడు. గాలి తగలొద్దన్నడు. మనిషి మునిగేటంత వేన్నీళ్లు ఎవరు కాస్తరు? ఏడ కాస్తరు?" అన్నాడు.

"నేను కాస్త" అని ఒక గొంతు వినబడింది. ఎవరా అని నేను కూడా తిరిగి చూశాను. అది నాదే.

ఇంటికి వెళ్లే దారిలో నాయన నాతో ఒకే మాట అన్నాడు. "చూడు బిడ్డా, మా అమ్మ నీళ్లల్ల వణికిందంటే, ఎనుకటి లెక్క దవాఖానా పాలైందంటే, నువ్వు నాకు కనబడకు." నాయన అరిస్తే పట్టించుకునేవాణ్ణి కాదు. మెల్లగా అన్నాడు, అందుకే భయమేసింది. నాయనమ్మ మాత్రం ధీమాగా ఉంది. "నా మనుమడు మిషన్లు విప్పుతడు. నీళ్లు కాయలేడా?" అని అడ్డం వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకుంటూ నడిచింది.

మునిగేటంత నీళ్లు పట్టాలంటే మునిగేటంత పాత్ర కావాలి. మా పెరట్లో ఒక టబ్బు ఉండేది. టబ్బు అంటే మీ స్నానాలగది టబ్బు కాదు. గనిలోంచి బొగ్గు మోసుకొచ్చే ఇనుప బండిని మేం టబ్బు అంటాం. చక్రాలు ఊడిపోయిన ఒకదాన్ని మా నాయన తుక్కులో కొని తెచ్చి, అందులో పొయ్యిబొగ్గు నింపుకునేవాడు. మనిషి నడుము ఎత్తు, లోపల కాళ్లు చాపుకుని కూర్చునేంత పొడవు. దాన్ని చూసిన క్షణంలో నాకు జ్ఞానోదయం అయింది. దీన్ని నాలుగు రాళ్ల మీద ఎక్కించి, కింద మంట పెడితే, నీళ్లు మొయ్యనక్కరలేదు, పొయ్యనక్కరలేదు, ఉన్నచోటే కాగుతాయి. నాకంటే తెలివైన ఫిట్టర్ ఈ అడవిలో పుట్టలేదనుకున్నాను. శనివారం నేనూ, నాతోపాటు అప్రెంటిస్ చేసే బక్కోడూ (పేరుకు తగ్గ మనిషే, గాలికి గొడుగు పట్టుకోవాలంటే భయపడేవాడు) టబ్బులో బొగ్గంతా తోడి, సబ్బుతో నాలుగుసార్లు రుద్ది, ఎడ్లబండి మీద చర్చి వెనక్కు చేర్చాం. ఓవర్‌మన్ తాత వచ్చి రాళ్ల మీద ఉన్న టబ్బునూ, కింద పేర్చిన కట్టెలనూ, బొగ్గునూ చూసి చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత అడిగాడు. "అరేయ్, బాప్తిస్మమా, లేకుంటే ముసల్దాన్ని వండుతున్నవా?"

మంట ఆర్పాకే ఆమెను దింపుతామని, లోపల పీట వేస్తామని, అన్నీ ఆలోచించానని చెప్పాను. నిజంగానే అన్నీ ఆలోచించాను, జరగబోయేది తప్ప.

ఆదివారం పొద్దున అయిదింటికి లేచాం. బాప్తిస్మం ఎనిమిదింటికి, ఆ తర్వాత ఆరాధన. ఆ చలి ఎలాంటిదో చెప్పాలంటే, చర్చి ముందున్న బోరింగ్ పిడి పట్టుకుంటే చెయ్యి వెనక్కి రానంటుంది. బక్కోడు కొడుతుంటే నేను మొయ్యడం, నేను కొడుతుంటే బక్కోడు మొయ్యడం. అరవయ్యో డెబ్బయ్యో బకెట్లు పోశాం. పోసే ప్రతి బకెట్లో కొంత మా కాళ్ల మీద పడేది. ఆరున్నరకు నీళ్లు పొగలు కక్కడం మొదలుపెట్టాయి. వేలు పెట్టి చూశాను, హాయిగా ఉంది. "మామా, పాసైపోయినం" అన్నాను. బక్కోడు టార్చి వేశాడు. నీళ్లు నల్లగా ఉన్నాయి.

సబ్బుతో రుద్దిన టబ్బు చల్లగా ఉన్నంతసేపూ శుభ్రంగానే ఉంది. మంట తగలగానే ఇనుము సాగి, రేకుల అతుకుల్లో ఏళ్ల తరబడి దాక్కున్న బొగ్గంతా బయటికి వచ్చింది. వేడికి ఇనుము సాగుతుందని నేను ఐటీఐ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. తెల్లచీర కట్టుకుని పాపాలు కడుక్కోవడానికి దిగే మా నాయనమ్మ రాత్రి షిఫ్టు చేసొచ్చిన మా తాతలా పైకి లేస్తుందన్నమాట. టబ్బుకు అడుగున చిల్లి లేదు. ఉన్న నీళ్లన్నీ ఎత్తి పారబోయాల్సిందే. మంటను లాగేసి, ఆ వేన్నీళ్లు బకెట్లతో తోడి పోశాం. పైన పొగలు కక్కే నీళ్లు, కింద మంచులాంటి నేల, మధ్యలో మేము. నేల మీద పడ్డ నీళ్లు మళ్లీ చల్లబడి మా చెప్పుల్లోకి వచ్చేవి. పళ్లు టకటక కొట్టుకుంటుంటే ఇద్దరం ఒకరినొకరు తిట్టుకోవాలనుకున్నాం గానీ నోళ్లు సహకరించలేదు.

అప్పుడు నాకు రెండో జ్ఞానోదయం అయింది. టబ్బు లోపల పరదా పరిస్తే బొగ్గు రాదు కదా. కింద మంట పెట్టకుండా, క్రిస్మస్ భోజనాలకు కూర వండే పెద్ద గుండిగల్లో నీళ్లు కాచి పోస్తే సరి. పరదా ఎక్కడుంది? మా ఇంట్లోనే ఉంది. కుసుమంచి నుంచి మేనమామ తెచ్చి అటక మీద పడేసిన నీలం ప్లాస్టిక్ పరదా. పరుగెత్తి తెచ్చి, దులిపి, టబ్బులో పరిచి, అంచులకు రాళ్లు పెట్టాం. దులిపేటప్పుడు ఇద్దరికీ తుమ్ములు వచ్చాయి. జలుబు చేసిందనుకున్నాం. గుండిగలు ఎక్కించి, మిగిలిన బొగ్గంతా రాజేసి, సగం చన్నీళ్లు, సగం మరిగే నీళ్లు పోశాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున నీలం పరదా, పైన పలచటి పొగ. అంత అందమైన నీళ్లు నేను మళ్లీ చూడలేదు. అడుగున ముడతలు సరిచేయమని బక్కోణ్ణి లోపలికి దింపాను.

వాడు దిగి, "అబ్బ, మంచిగున్నయ్ మామా" అన్నాడు. కాసేపటికి, "కాళ్లు తిమ్మిరెక్కుతున్నయ్" అన్నాడు. చలికి అన్నాను. ఇంకా కాసేపటికి ఒక కాలు ఎత్తాడు. తర్వాత అది దించి ఇంకోటి ఎత్తాడు. ఆ తర్వాత రెండూ ఒకేసారి ఎత్తే ప్రయత్నం చేసి, అరుస్తూ టబ్బులోంచి బయటికి దూకి, బోరింగ్ దగ్గరికి పరుగెత్తి, చన్నీళ్ల కింద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చలిలో చన్నీళ్ల కోసం పరుగెత్తిన మనిషిని మా కాలనీ చూడటం అదే మొదటిసారి. అప్పటికి ఏడున్నర దాటింది, ఓవర్‌మన్ తాత తెల్ల పంచె కట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బక్కోడి కాళ్లు చూశాడు. చలికి పగిలిన మడమలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. టబ్బు చూశాడు, పరదా చూశాడు. వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని, నాలుక చివర తాకించాడు. కూర రుచి చూసినట్టు కాసేపు కళ్లు మూసుకుని ఆగాడు.

"కారం" అన్నాడు.

ఖమ్మం జిల్లాలో పుట్టి కూడా, మేనమామ పరదా మీద ఏం ఆరబోస్తాడో నాకు గుర్తు రాలేదు. మిరపకాయలు ఆరబోసిన పరదా అది. ఏడాదంతా అటక మీద పడుకున్న కారం వేన్నీళ్లు తగలగానే నిద్ర లేచింది. నాయనమ్మ మడమలకు బక్కోడి మడమల కంటే పెద్ద బీటలు. ఆమె అందులో దిగి, పైగా తల ముంచి, కళ్లు తెరిచి ఉంటే? అది తలచుకుని టబ్బు పక్కనే కూలబడ్డాను. నలభై ఏళ్లు నీళ్లకు భయపడిన మనిషి, నా మాట నమ్మి దిగుతానంది. కట్టెలు అయిపోయాయి, బొగ్గు అయిపోయింది, ఎనిమిదింటికి పది నిమిషాలుంది. అవతల చర్చి మెట్ల మీద నాయనమ్మ తెల్లచీర కట్టుకుని, శాలువా కప్పుకుని, పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

వెళ్లి ఆమె ముందు నిలబడి, "నాయనమ్మా, ఇయ్యాల కాదు. నాతోని కాలే" అన్నాను.

ఆమె నా తడి బట్టలూ, మసి మొహమూ చూసింది. నా చేతులు తీసుకుని తన శాలువాలో పెట్టుకుంది. "ఐస్ లెక్క అయినయ్ కదరా. పొద్దుగాల్నుంచి నువ్వు మునిగినట్టున్నవు. నీకే బాప్తిస్మమైంది." ఆ తర్వాత కాస్త ఆగి, "పోనీలే కొడుకా. నలభై ఏండ్లు ఆగిన. పళ్లెం ఇంకా కొన్ని దినాలు పక్కకు జరుపుత" అంది. ఆ మాట మాత్రం ఆమె నా వైపు చూడకుండా అంది.

ఓవర్‌మన్ తాత మా వెనకే నిలబడి విన్నట్టున్నాడు. యొర్దానులో పొయ్యి లేదన్న మనిషి గొంతు సవరించుకున్నాడు. "అరేయ్ ఫిట్టరూ, నడువు. పరదాకు రెండు దిక్కులుంటయ్. మిరపకాయలు ఒక దిక్కే ఎండబెడతరు. తిరగేసి కడుగు." పంచె ఎగ్గట్టి, కాలనీ వైపు తిరిగి, పొగలు లేస్తున్న పెరళ్లన్నిటినీ ఒకసారి చూశాడు. "నీళ్లు కాయనీకె నీ ఒక్కని పొయ్యే ఉన్నదా? గవన్నీ ఏంది మరి?"

ఆదివారం పొద్దున కాలనీలో ప్రతి పొయ్యి మీదా ఒక కాగు ఉంటుంది. చర్చికి వచ్చేవాళ్ల స్నానానికో, ఫస్టు షిఫ్టుకు పోయిన వాళ్లు తిరిగొచ్చాక పోసుకోవడానికో. ఓవర్‌మన్ తాత వీధి మధ్యలో నిలబడి, గనిలో షిఫ్టుకు వేసినట్టే కేక వేశాడు. "మా అక్క మునగాలె. కాగులు దించుండ్రి." అంతే. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగలేదు. తల మీద నూనె పెట్టుకున్న ఆడవాళ్లు, సగం సబ్బు రాసుకున్న మొగవాళ్లు, లుంగీల్లోనే, తువ్వాళ్లతోనే బకెట్లు పట్టుకుని వచ్చారు. చర్చికి వచ్చేవాళ్లే కాదు, రానివాళ్లూ వచ్చారు. మా పక్క క్వార్టర్ చాచీ తన కాగు మొత్తం తెచ్చి, "నీలగిరి ఆకు ఏసి కాసిన. అమ్మకు దమ్ము కదా, మంచిగ ఊపిరాడుతది" అంది. తాత అందరినీ రెండు వరసలుగా నిలబెట్టాడు. మరిగే నీళ్లు ఒక వరస, గోరువెచ్చనివి ఒక వరస. నేనూ, కాళ్లు వాచిన బక్కోడూ కారం నీళ్లు పారబోసి, పరదా తిరగేసి, కడిగి, మళ్లీ కడిగి, టబ్బులో పరిచాం. తాత తడి పరదాను కూడా నాలుక పెట్టి చూసి, తల ఊపాకే మొదటి బకెట్ పడింది. టబ్బు పక్కన నిలబడి, మోచెయ్యి నీళ్లలో ముంచి, వేడి కావాలో చల్ల కావాలో చెప్పడమే నా పని. పసిపిల్లల నీళ్లు అట్లాగే చూస్తారని అమ్మ చెప్పింది. తొమ్మిది కాకముందే టబ్బు నిండింది. పోనుపోను మంచు కూడా కాస్త పలచబడింది.

చుట్టూ చీరలు అడ్డం కట్టారు. నాయనమ్మ ఎత్తుపీట ఎక్కింది, టబ్బు అంచు మీద చెయ్యి వేసింది, ఆగిపోయింది. నీళ్లను చూస్తోంది. ఆమె పెదాలు కదలడం చూసి ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వెళితే, "వాగు లెక్కనే ఉన్నది" అంటోంది.

"వాగు కాదు నాయనమ్మా. ఇది పారదు. ఇగో, చెయ్యి పెట్టి చూడు" అని ఆమె చేతిని నా చేతితో కలిపి నీళ్లలో పెట్టాను. వెచ్చగా ఉంది. నాయన అటు పక్క నిలబడి, ఊపిరి కూడా తీసుకోకుండా నన్నే చూస్తున్నాడు.

"నా చెయ్యి ఇడువకు" అంది నాయనమ్మ. దిగింది. కూర్చుంది. పాస్టరయ్య బయట నిలబడి, ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఒకటి ఆమె చేతుల మీద వేసి, మాటలు చెప్పి, వెనక్కి వంచాడు. ఒక్క క్షణం ఆమె మొహం నీళ్ల కింద ఉంది. నా చెయ్యిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, గని పనికి ఆమెనే తీసుకోవాల్సింది అనిపించింది. పైకి లేచింది. కళ్లు తుడుచుకుంది. వణకలేదు. దగ్గలేదు. అందరూ పాట ఎత్తుకున్నారు. అమ్మ తువ్వాలు పట్టుకుని, లే అత్తమ్మా అంది.

నాయనమ్మ లేవలేదు. "జర ఆగుండ్రి" అంది. "ఏమైంది అమ్మా?" అని నాయన కంగారుగా ముందుకు వచ్చాడు. "ఏం కాలే. పుట్టినకాంచి చెంబుతోనే పోసుకుంటి. గిన్ని వేన్నీళ్లల్ల ఎప్పుడన్న కూసున్ననా? మీరు పాట పాడుండ్రి, నేను కూసుంట."

పాట అయిపోయింది. ఇంకోటి పాడారు. ఆమె వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. "తమ్మీ, ఇంకోటి" అంది. ఓవర్‌మన్ తాత ఇంకోటి ఎత్తుకున్నాడు. నీలగిరి ఆవిరి మా అందరి ముక్కుల్లోకీ వచ్చింది. కాలనీలో ఆ పొద్దున స్నానం చేసిన మనిషి ఆమె ఒక్కతే, మిగతా అందరం ఆమె కోసం మాపు బట్టలతో, మసి చేతులతో నిలబడి పాడుతున్నాం. నీళ్లు చల్లబడుతున్నాయని నేను మోచెయ్యి పెట్టి హెచ్చరిస్తే తప్ప ఆమె లేవలేదు. లేచాక నాయన తన చేతులతో ఆమెకు శాలువా కప్పాడు. నన్ను దాటుకుంటూ వెళుతూ నా తల మీద చెయ్యి పెట్టి, ఒకసారి జుట్టు పీకినట్టు ఊపి వెళ్లాడు. మా నాయన దగ్గర అంతకంటే పెద్ద మెడల్ లేదు.

ఆ రోజే ప్రభువు బల్ల. తలకు తువ్వాలు చుట్టుకుని నాయనమ్మ తన చోటే, తన చాప మీదే కూర్చుంది. నేను చిన్నప్పట్లాగే పక్కన. పళ్లెం వచ్చింది. రెండు చేతులా అందుకుంది. ఒక్క క్షణం చూసింది. అలవాటు కొద్దీ ఆమె చేతులు పక్కావిడ వైపు తిరిగాయి. పక్కావిడ పళ్లెం పట్టుకోలేదు, ఊరుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మకు. రొట్టె ముక్కలు అటూ ఇటూ వెదికి, ఒకటి తీసుకుని, నోట్లో వేసుకుంది. చర్చి అంతా నిశ్శబ్దంగా ఉన్న సమయంలో, తాను గొణుగుతున్నాననుకుని అందరికీ వినబడేలా నాతో అంది.

"గింతేనా?"

పాస్టరయ్య పళ్లెం బల్ల మీద పెట్టి, జేబురుమాలు తీసుకుని, మొహం అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియదు. నాయనమ్మ మాత్రం ఆ గోరంత ముక్కను ఆరాధన ముగిసేదాకా నములుతూనే ఉంది.

ఆ తర్వాత ఆమె ఆరేళ్లు బతికింది. ఒక్క నెలా పళ్లెం పక్కకు జరపలేదు. నాకు కాలనీలో వేన్నీళ్లోడు అని పేరు స్థిరపడిపోయింది. అప్రెంటిస్ పూర్తయ్యాక గనిలో ఉద్యోగం ఇవ్వకపోతే, ఆ పేరునే నమ్ముకుని ఖమ్మం వచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాను. మొన్న డిసెంబరులో ఆ చర్చి వాళ్లు కబురు పెట్టారు. లోపలే టైల్సు వేసి కొత్త తొట్టి కట్టారట, హీటరు బిగించమన్నారు. కూలి తీసుకోనని చెప్పి వెళ్లాను. నాయనా, ఓవర్‌మన్ తాతా ఇప్పుడు లేరు. కొత్త పాస్టరు మా తమ్ముడి వయసు కుర్రాడు. బిగించి, స్విచ్ వేశాను. ఎవరి పెరట్లోనూ కాగు దించకుండానే తెల్లటి తొట్టిలోకి తెల్లటి వేన్నీళ్లు వచ్చాయి. నేను చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. మొదటి నీళ్లు నల్లగా వస్తాయేమోనని ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది. మోచెయ్యి ముంచాను, సరిపోయింది. వంగి దోసిట్లో కాసిని తీసుకుని నాలుక చివర తాకించాను. (చేసింది నేను కాదు, నా నాలుక.)

"ఉప్పునీళ్లా అన్నా? బోరు నీళ్లే అవి" అన్నాడు పాస్టరు.

"కాదు తమ్ముడూ. కారం ఉందేమోనని" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దుకుని బయటికి వచ్చాక, వెనక వైపు అప్పుడు టబ్బును ఎక్కించిన నాలుగు రాళ్లు ఉన్నచోటికి వెళ్లి నిలబడి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.